యాక్సిలరేటర్లో కొత్త కణం దొరికిందని ఎలా నమ్ముతారు?

"కంటికి కనబడని కణం దొరికిందని గ్రాఫులో ఒక బొడిపె చూసి ఎలా చెప్పేస్తారు? అది పొరపాటైతే?" అని అడిగారు. పొరపాటయ్యే అవకాశం బాగానే ఉందండీ. నాకే అయింది.

నేను పీహెచ్‌డీ చేసింది ఎలక్ట్రాన్లనీ పాజిట్రాన్లనీ ఢీకొట్టించే ఒక ప్రయోగంలో. మేం వెతికే కణం పుట్టిన మరుక్షణమే విరిగిపోతుంది. ఆ ముక్కలు, అంటే మ్యూయాన్లు, పయాన్లు డిటెక్టర్లో జాడలు వదుల్తాయి. పెంకులు ఏరి కుండ ఎంతదో చెప్పినట్టు, వాటి శక్తి, ద్రవ్యవేగాలు కలిపి తల్లి కణం ద్రవ్యరాశి లెక్కగడతాం. సంబంధంలేని ముక్కల్ని కలిపితే వచ్చే లెక్కలు గ్రాఫులో నున్నగా పరుచుకుంటాయి. ఒకే తల్లికి పుట్టినవైతే ఒకచోట పోగుపడతాయి. 2003లో జపాన్‌లో బెల్ ప్రయోగం ఎక్స్(3872) అనే కణాన్ని పట్టుకుంది ఇలాగే.

రెండో ఏడాదిలో నా గ్రాఫులోనూ ఒక బొడిపె లేచింది. మూడు రాత్రులు నిద్రలేదు. కత్తిరింపులు, అంటే ఏ డేటా ఉంచాలి, ఏది తీసేయాలి అనే షరతులు, కాస్త అటూ ఇటూ మారుస్తుంటే అది ఇంకా ఎత్తుగా కనబడేది. చివరికి అందులోని ఘటనల్ని (ఒక్కో ఢీకొనడం ఒక ఘటన) ఒక్కొక్కటే తెరమీద బొమ్మగా తెరిచి చూశాను. అయస్కాంత క్షేత్రంలో నెమ్మదైన పయాను ఒకటి చుట్టలు తిరిగింది. సాఫ్ట్‌వేరు ఆ ఒక్క జాడనే రెండు పయాన్లుగా లెక్కపెట్టింది. దాదాపు ఒకే ద్రవ్యవేగం ఉన్న జంటల్ని తీసేయగానే బొడిపె మాయం. గ్రాఫు చూస్తూ కత్తిరింపులు మార్చడం నేను చేసిన అసలు తప్పు. అందుకే కత్తిరింపులన్నీ ఖాయమయ్యేదాకా ఆసక్తి ఉన్న భాగాన్ని మూసిపెట్టి పనిచేసే పద్ధతి ఉంది.

కొత్త కణం దొరికిందనడానికి అడిగే "ఐదు సిగ్మా" అంటే కణమే లేకపోయినా యాదృచ్ఛికంగా అంత బొడిపె వచ్చే అవకాశం దాదాపు 35 లక్షల్లో ఒకటి. కానీ అది లెక్కేసేది యాదృచ్ఛికాన్నే. జాడల్ని రెండుసార్లు లెక్కపెట్టడం, వెనకున్న చదునుని (సంబంధంలేని ముక్కల లెక్కల్ని) తప్పుగా అంచనా వేయడం లాంటివి దానికి తెలియవు.

పెంటాక్వార్కు కథే చూడండి. ప్రోటాన్లలో ఉండే క్వార్కులనే మూలకణాలు ఐదు కలిస్తే అది. జపాన్‌లోని స్ప్రింగ్-8 యాక్సిలరేటర్లో 8 జీఈవీ (కణాల శక్తికీ ద్రవ్యరాశికీ వాడే కొలత, 1000 ఎంఈవీ ఒక జీఈవీ) ఎలక్ట్రాన్లకి ఎదురుగా లేజర్ కొట్టి, వెనక్కి చిమ్మిన 2.4 జీఈవీ దాకా ఉండే గామా కిరణాల్ని లక్ష్యం మీదకి పంపారు. 2003లో 1540 ఎంఈవీ ద్రవ్యరాశి దగ్గర థీటా ప్లస్ అనే పెంటాక్వార్కు కనబడిందన్నారు. ఉన్న 36 ఘటనల్లో వెనకటి చదునుకి పోయేవి సుమారు 17, మిగిలినవి 19. బలం 4.6 సిగ్మా. ఆ తర్వాత పదింటికి దగ్గరగా ప్రయోగాలు మాకూ కనబడిందన్నాయి. అమెరికాలో జెఫర్సన్ ల్యాబులో క్లాస్ బృందం కూడా వాటిలో ఒకటి. ఆ బృందమే డేటా బాగా పెంచి అదే ప్రయోగం మళ్ళీ చేసి, అక్కడ ఏమీ లేదని 2006లో ప్రచురించింది. తాము చెప్పినదాన్ని తామే కొట్టేసుకున్న ఆ పేపరంటే నాకు చాలా గౌరవం.

2015లో యూరప్‌లోని సెర్న్‌లో ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం మళ్ళీ పెంటాక్వార్కు అన్నప్పుడు అందుకే చాలామంది ఆగి చూశారు. ఈసారి 4450 ఎంఈవీ దగ్గర శిఖరం. 2019లో తొమ్మిది రెట్ల డేటా వచ్చింది. శిఖరం పోలేదు, 4440, 4457 అని రెండుగా విడిపోయింది. 4312 దగ్గర మరొకటి బయటపడింది. ఆ గ్రాఫు చూసినరోజు నా పాత బొడిపె గుర్తొచ్చి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.