తైవాన్ పంపు, మధ్యాహ్నం తలనొప్పి

ప్రశ్న: సార్, నాలుగెకరాల పత్తికి తైవాన్ పంపుతో, అంటే వీపుకు తగిలించుకునే పెట్రోలు పంపుతో, నేనే మందు కొడతాను. మధ్యాహ్నానికల్లా తల పగిలిపోతుంది. మందు ఘాటే కారణమంటారు మా నాన్న. కిరోసిన్ కలిపితే ఖర్చు తగ్గుతుందని ఒకరు, ఆయిల్ ఎక్కువ పోస్తే మంచిదని మరొకరు చెబుతున్నారు. ఏది పోస్తే పొగ తగ్గుతుంది?
- ఒక రైతు, నర్సంపేట

జవాబు: మీ నాన్నగారి మాట కొట్టిపారేయలేను. కానీ ఇంజను కూడా మీ వీపు మీదే ఉంది. సైలెన్సరుకూ మీ ముక్కుకూ మధ్య ఎంత దూరముందో ఒకసారి మూరతో కొలిచి చూడండి.

మీది టూ స్ట్రోక్ ఇంజను. అందులో పాత పొగ పోయే దారి పూర్తిగా మూసుకోకముందే కొత్త పెట్రోలు వచ్చేస్తుంది. పోసిన పెట్రోలులో నాలుగో వంతుకు అటూ ఇటూగా కాలకుండానే బయటపడుతుంది. వంద రూపాయలు పోస్తే పాతిక గాలిపాలు. ఆ గాలిలో బెంజీన్ కూడా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే రక్త క్యాన్సరుకు దారితీయగల పదార్థం అది. మన బంకుల్లో అమ్మే పెట్రోలులో అది ఒక శాతం మించకూడదని నిబంధన ఉంది. స్వీడన్‌లో అడవిలో రంపం మిషన్లు మోసేవారి కోసం బెంజీన్ దాదాపు లేని ఆల్కైలేట్ పెట్రోలును 1980ల చివర్లోనే అమ్మకానికి తెచ్చారు. మన బంకుల్లో అది అడిగితే నవ్వుతారు.

కిరోసిన్ ఊసెత్తకండి. పెట్రోలులా తేలిగ్గా ఆవిరి కాదు, సరిగా కాలదు, ఇంజను కొట్టుకుంటుంది. ఆయిల్ సంగతి మీ పంపు పుస్తకమే చెప్పాలి. 25కు 1 అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అంటే 20. చాలామంది కొలవకుండా అందాజుగా పోస్తారు. ఒకరు ట్రాక్టరులోంచి తీసిన నల్ల ఆయిలే పోసి, పంపు లాగడం లేదని మా షెడ్డుకు తెచ్చారు. సైలెన్సరు విప్పితే పొగ రంధ్రం సగం పూడిపోయి ఉంది. స్క్రూడ్రైవరుతో గీకితే గుప్పెడు మసి రాలింది. అంత మసి లోపల ఉంటే, ఆయన ఊపిరితిత్తుల్లోకి ఎంత పోయిందో! టూ స్ట్రోక్ ఆయిలే కొని, పెట్టెతో వచ్చిన గీతల సీసాతో కొలవండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమను లాక్కుంటుంది. కాబట్టి ఏ రోజుది ఆ రోజే కలపండి. నిరుటి మిగులు పోయకండి.

ఇక ఏ పెట్రోలు పోసినా పోనిది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. ముక్కుకు కట్టుకునే తువ్వాలు దాన్ని ఆపలేదు. ఒక వానాకాలం షట్టరు సగం దించి ఇంజను ట్యూనింగ్ చేస్తూ కూర్చున్నాను. అరగంటకు తల దిమ్మెక్కింది, వాంతి వచ్చింది. మా కుర్రవాడు బయటికి లాగి వరండాలో పడుకోబెట్టాడు. అప్పటినుంచి షెడ్డుకు వచ్చిన ఏ ఇంజనునైనా ఆరుబయటే తిప్పుతాను. పత్తి ఎత్తుగా ఎదిగి గాలి ఆడని రోజు మీ చేను కూడా కొంత అలాంటిదే. గాలి పొగనూ మందునూ మీ మీదికి తేకుండా పక్కకు తీసుకుపోయేలా సాలు పట్టండి, నడుమ నడుమ ఇంజను ఆపి గట్టు మీద కూర్చోండి.

తలనొప్పితో పాటు చెమటలు, చొంగ, చూపు మసకబారడం ఉంటే అది మందు పనే. క్షణం ఆలస్యం చేయకుండా మందు డబ్బా వెంటబెట్టుకుని దగ్గరి ఆసుపత్రికి వెళ్ళండి.

ఎవరి దగ్గరైనా బ్యాటరీ పంపు ఉంటే ఒక్కరోజు అడిగి తెచ్చుకోండి. అదే చేను, అదే మందు, పొగ మాత్రం ఉండదు. మధ్యాహ్నానికి తల ఎలా ఉందో మీ నాన్నగారికీ చెప్పండి, నాకూ రాయండి.