కాలా ఘోడాకి వెళ్తున్నావా, ముందు ఇది చదువు

చిట్టీ,

ముంబై వచ్చి రెండు నెలలైనా సెలవొస్తే మాల్‌కే పోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఈ శనివారం ఆర్ట్ గ్యాలరీలుండే కాలా ఘోడా పేటకి వెళ్లు. చర్చిగేట్‌లో దిగి నడిచే వెళ్లు, టాక్సీ ఎక్కకు. దారిలో ఓవల్ మైదానం వస్తుంది. ఒక పక్క రాజాబాయి టవర్, హైకోర్టు, ఇంకో పక్క గుండ్రటి బాల్కనీల ఆర్ట్ డెకో ఇళ్లు. ఈ రెండు వరసలకీ కలిపి 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

కాలా ఘోడా అంటే నల్ల గుర్రం. బ్రిటిష్ యువరాజు గుర్రమెక్కిన విగ్రహం ఒకటి ఇక్కడ ఉండేది. 1965లో దాన్ని తీసి ముంబైలోనే బైకుల్లా అనే పేటకి పంపేశారు. పేరు మాత్రం ఎక్కడికీ పోలేదు. 2017లో మళ్లీ గుర్రాన్ని తెచ్చి పెట్టారు కానీ ఈసారి దాని మీద రాజు లేడు. నాకైతే ఇదే బాగుంది.

ముందు జహంగీర్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్లు. 1952 నాటిది. పదకొండు తర్వాత వెళ్తే చాలు. కొత్తలో టికెట్ ఎంతో, ఇంగ్లీషులో ఏమడుగుతారో అని గేటు దగ్గర నుంచే తిరిగొచ్చేదాన్ని. ఒకరోజు వాన తరిమితే లోపలికి దూరాను. టికెట్టే లేదు, ఎవరూ ఏమీ అడగలేదు.

అక్కడ హాళ్లు చిత్రకారులకి వారాల లెక్కన ఇస్తారు. బొమ్మలు వేసినవాళ్లే మూల కుర్చీలో కూర్చుని ఉంటారు. పలకరించు, కానీ ధర మాత్రం ముందే అడక్కు. నేనోసారి అడిగితే ఆయన ధరల కాగితం చేతికిచ్చి మళ్లీ ఫోన్‌లో పడిపోయాడు. ఇంకోసారి వేరే ఆయన్ని "ఈ ఎరుపు ఎలా వచ్చింది?" అన్నాను. దగ్గరికి పిలిచి, పైన వేసిన బూడిద రంగును కత్తితో గీకితే కింది ఎరుపు ఎలా బయటపడిందో చూపించాడు. అరగంట కదలనివ్వలేదు. వచ్చేటప్పుడు అక్కడి పుస్తకంలో పేరు రాయాలి, నేను తెలుగులోనే రాస్తాను.

బయట ఫుట్‌పాత్ మీద కూడా బొమ్మలు అమ్ముతారు. బేరమాడు, కానీ వంకాయల బేరం కాదు.

రోడ్డు దాటితే నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్. 1911 నాటి హాలును లోపల మార్చి 1996లో గ్యాలరీ చేశారు. సోమవారం సెలవు. అరచంద్రం లాంటి అంతస్తులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మోకాళ్లు బాగున్న వయసు కాబట్టి తిన్నగా పైన గుమ్మటం కిందికి ఎక్కెయ్, చూసుకుంటూ దిగు. పక్కనున్న పెద్ద మ్యూజియం జోలికి ఆ రోజు పోకు, దానికి ఒక రోజు పూర్తిగా కావాలి.

ఆ దగ్గర్లోనే పాత వాట్సన్ హోటల్ భవనం పాడుబడి ఉంటుంది, బయటి నుంచే చూడు. దాని ఇనుప చట్రం ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చింది. మన దేశంలో మొదటిసారి సినిమా వేసింది అందులోనే, 1896 జులై 7న. ఈ పాత కట్టడాలు చూస్తే నాకు మన కామాఠీలు గుర్తొస్తారు. తెలంగాణ నుంచి ఇక్కడికి భవనాల పనికొచ్చిన కూలీలు వాళ్లు. కామాఠీపురాకి ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది.

ఆకలేస్తే పక్కనే ఫోర్ట్ అనే పేటలో ఇరానీ హోటల్ చూసుకో. బ్రున్ మస్కా అడుగు, అంటే వెన్న రాసిన బన్ను. పైన గట్టిగా ఉంటుంది, చాయ్‌లో ముంచి పళ్లకి పని తగ్గించుకో.

ఫిబ్రవరిలో ఇక్కడ తొమ్మిది రోజులు ఆర్ట్స్ ఫెస్టివల్ జరుగుతుంది, 1999 నుంచీ ఉంది. శనాదివారాల్లో మాత్రం వెళ్లకు. ఆ తోపులాటలో నా చెప్పు ఒకటి పోయింది, ఒంటి చెప్పుతో చర్చిగేట్ దాకా నడిచాను. పని రోజున మధ్యాహ్నం అయితే హాయి, ఒక పూట సెలవు పెట్టు.

ఆదివారం భోజనానికి మా ఇంటికి రా. గోంగూర ఇక్కడ అంబాడీ పేరుతో దొరుకుతుంది, పచ్చడి చేసి ఉంచుతాను.

మీ పెద్దమ్మ