జోలపాట వెతకబోయే బుజ్జమ్మకు

బుజ్జమ్మా,

‘జో అచ్యుతానంద’ ఎక్కడ పుట్టిందో కనుక్కోవడానికి ఊళ్లు తిరుగుతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ పాట వింటూ నిద్రపోయిన పిల్లవే ఇప్పుడు దాని పుట్టుక వెతుకుతానంటే ఎంత గర్వంగా ఉందో, ఒక్కదానివే పోతావంటే అంత టెన్షన్‌గానూ ఉంది.

పాడినవాళ్ల పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసుకోవడం నీకు చెప్పక్కర్లేదు.

ముందు పుస్తకం చూడు. చివరి చరణంలో తాళ్లపాకన్నయ్య పేరుంది. కానీ అక్కడ మంగళం పలికింది వెంకన్నకు కాదు, తిరుపట్ల మదనగోపాలుడికి. అన్నమయ్య పాటల చివర వేంకటేశ్వరుడి పేరు ముద్రగా రావడం ఎంత మామూలో తెలుసుగా, ఈ తేడా దగ్గర కాస్త ఆగు. తిరుమల గుడిలో దొరికిన, అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకుల మీద వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు ఏళ్ల తరబడి కష్టపడ్డారు. దేవస్థానం అచ్చువేసిన ఆ సంపుటాలు నీ కళ్లతో చూశాకే ఏమైనా రాయి. యూట్యూబ్ వీడియో కింద పేరుందని మాత్రం రాయొద్దు.

ఇక అసలు సంగతి. నా చిన్నప్పుడు ఉదయగిరి వైపు మా ఊరికి ఒకాయన టేపురికార్డరు పట్టుకుని వచ్చాడు. చదువుకున్నవాడు, పాటలంటే ప్రాణం. మా జేజిని అరుగు మీద కూర్చోబెట్టి పాడమన్నాడు. జేజి రెండు చరణాలు పాడి, ఆపైన తనకు అలవాటైనట్టు గేదె పాలూ, చేనికి పోయిన నాయనా, వాగులో నీళ్లూ కలిపి అందుకుంది. ఆయన టేపు ఆపేశాడు. ‘‘అది తప్పమ్మా, పుస్తకంలో ఇలా లేదు’’ అని చదివి వినిపించి, మళ్లీ పాడించాడు. ఆమె ఒక్కో మాటా అప్పజెప్పింది. ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎంత బతిమాలినా జేజి ‘‘నాకు సరిగ్గా రాదులేమ్మా’’ అనేది. మా చెల్లెల్ని ఉయ్యాలలో వేసి ఉత్తి ‘ఊ... ఊ...’ అని ఊపేది. ఆ టేపులో ఉన్నది పుస్తకం, మా జేజి కాదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆమె కట్టుకున్న చరణం నాకు సగమే గుర్తుంది. ముందు మా ఇంటికి వచ్చి అది రికార్డు చేసుకో.

కాబట్టి ఎవరెలా పాడితే అలా విను. మధ్యలో నోరు మెదిపావో, ఊరుకోను. పుస్తకంలో పాట నీకు తెలుసన్న సంగతే వాళ్లకు తెలియనివ్వకు.

చాలామంది తల్లులు చివరి చరణం దాకా పోరు. చీర ఉయ్యాలలో బిడ్డ రెండో చరణానికే నిద్రపోతే మిగతాది ఎవరికి పాడతారు? బారసాల నాడైతే పేరంటాళ్లు మంగళం దాకా పాడతారు. కవి పేరు వినాలంటే అక్కడికి పో. ఇంటింటికీ మారే మాటలు మాత్రం రాత్రిపూట ఉయ్యాల దగ్గరే దొరుకుతాయి.

కొందరు పాడనంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ పాట గొంతు దాటి రాదు. ఎందుకని అడక్కు తల్లీ. మజ్జిగ ఇస్తే తాగి, కాసేపు దగ్గర కూర్చుని లేచి రా.

తాళ్లపాకకు రాపూరు, చిట్వేలు ఘాట్ మీదుగా పోతావట. పొద్దుగూకాక ఆ మలుపుల్లో బండి నడపొద్దు. తిరిగి వచ్చేటప్పుడు ఆలస్యమైతే రాజంపేటలోనే ఉండిపోయి తెల్లారి బయల్దేరు. ఎంత రాత్రయినా ఎక్కడున్నావో ఫోన్ చేసి చెప్పు, నేను మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ