చార్జి అనే మాటలోని బరువు

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, నువ్వు పంపిన రెండు అనువాదాలూ శ్రద్ధగా చదివాను. తెలుగు వాక్యం నీ చేతిలో చక్కగా నడుస్తోంది. రెండు చోట్ల మాత్రం ఆగిపోయాను. మన నౌపడా–గుణుపురం రైలుమార్గం మీది వ్యాసంలో 'లైట్ రైల్వే' అన్నదాన్ని 'కాంతి రైల్వే' అన్నావు. కథలో మేనత్త ఇంటి 'చార్జి తీసుకుంది' అన్నచోట 'ఇంటి రుసుము తీసుకుంది' అని రాశావు. పైకి రెండూ ఒకే తరహా పొరపాట్లుగా కనిపిస్తాయి గాని, నిజానికి కావు. ఆ తేడా నీకు విడమరచి చెప్పాలనే ఈ ఉత్తరం.

1900లో పర్లాకిమిడి దాకా వచ్చి, 1931 నాటికి గుణుపురం చేరిన ఆ మార్గం గేజి, అంటే పట్టాల మధ్య దూరం, అప్పట్లో రెండున్నర అడుగులు. తేలికపాటి పట్టాలు, చిన్న ఇంజన్లు, తక్కువ ఖర్చు: అందుకే అది 'లైట్' రైల్వే. ఇంగ్లీషులో వెలుగు అనే లైటు వేరు, తేలిక అనే లైటు వేరు. పుట్టుకలో సంబంధం లేని ఆ రెండు మాటలూ కాలక్రమంలో అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చాయి. మనకూ ఇలాంటివి ఉన్నాయి. బరంపురం పట్టుచీరలోని పట్టుకూ, పిడికిలి పట్టుకూ చుట్టరికం లేదు. తమిళంలో చీర పట్టును 'పట్టు' అనీ, పట్టుకోవడాన్ని 'పఱ్ఱు' అనీ నేటికీ వేరువేరుగానే రాస్తారు. తెలుగులో రెండూ కలిసిపోయాయి. ఇలాంటి మాట ఎదురైనప్పుడు అక్కడున్నది ఏ మాటో తేల్చుకుంటే చాలు.

చార్జి సంగతి అలా కాదు. అది ఒకే చెట్టు, కొమ్మలు మాత్రం అనేకం. ఒకనాడు మా ఊరి బస్టాండులో నిలబడి ఉండగా ఈ మాట నా చుట్టూ నాలుగు రకాలుగా వినిపించింది. కండక్టరు చార్జీ పెరిగిందని ఒకరికి ఒడియాలో, మరొకరికి తెలుగులో చెబుతున్నాడు. ఒక కుర్రవాడు ఫోనులో చార్జి లేదని విసుక్కుంటున్నాడు. టీకొట్టు దగ్గర ఎవరో ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయిన బంధువు గురించి మాట్లాడుతుంటే, పక్కనున్న పెద్దాయన పత్రికలోని చార్జిషీటు వార్త పైకి చదువుతున్నాడు. అదే సమయంలో ఒక కూలీ జీడిపిక్కల బస్తాను నెత్తికెత్తుకొని, నిచ్చెన మెట్లు ఎక్కి, బస్సు టాపు మీద దించాడు. ఆ మాట పుట్టుక నాకు ఆ బస్తాలో కనిపించింది.

లాటిన్‌లో 'కర్రుస్' అంటే బండి. దాని నుంచి బండికి బరువెత్తడం అనే క్రియ పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి చార్జి అయింది. కారు, క్యారీ, కార్గో అన్నీ ఈ ఇంటి పిల్లలే. బ్యాటరీలోకి విద్యుత్తు ఎక్కిస్తే చార్జి, మనిషి మీద ఖర్చు వేస్తే చార్జి, బాధ్యత పెడితే చార్జి, నేరం మోపితే చార్జి. ఎత్తిన బరువు దించడమే డిశ్చార్జి. 'నేరం మోపడం' అని నేను ప్రత్యేకంగా వెతికి రాయలేదు, దానంతట అదే వచ్చింది. కట్టెల మోపు అంటాం, పన్ను భారం మోపారు అంటాం, నింద మోపారు అంటాం. బరువును చూసి ఇంగ్లీషువాడు నడిచిన దారిలోనే మనవాళ్లూ నడిచారు. ఇది గమనించిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

కాబట్టి నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగవద్దు. అర్థాలన్నీ చదివి, వాటి అడుగున ఉన్న పని ఏమిటో, ఎత్తడమో, పారడమో, పట్టడమో, చూడు. తరువాత అదే పనికి తెలుగులో ఏ మాట ఉందో వెతుకు. జలుబు పట్టడం, చేపలు పట్టడం, మూడు గంటలు పట్టడం మనకు ఉన్నాయి కదా. పెద్ద మాటలు అంతగా ఇబ్బంది పెట్టవు, చిన్నవే పెడతాయి. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువులో అన్నిటికంటే పొడవైన ఆరోపం, అంటే ఒక మాట కింద ఇచ్చే వివరణ, 'సెట్' అనే మూడక్షరాల మాటదే.

మరొక జాగ్రత్త. మనం తెచ్చుకున్న మాటలు చాలాసార్లు ఒక్క కొమ్మతోనే వచ్చాయి. ఇంగ్లీషులో కరెంటు అంటే ముందు ప్రవాహం. వంశధారకు కరెంటు ఎక్కువ అని రాస్తే మన పాఠకుడికి తీగలు, స్తంభాలు గుర్తొస్తాయి.

ఇదే ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనులను ఇంట్లో ఉంచుకొని, వాళ్ల నోటి వెంట విని సవర భాష నేర్చుకున్నారు. నువ్వుండే వీధిలో తెలుగు, ఒడియా రెండూ వినిపిస్తాయి. ఒడియాలో బరువును 'బోఝ' అంటారు. ఆ మాటను వాళ్లు ఎక్కడెక్కడ వాడుతున్నారో వారం రోజులు విని రాసుకో.

ఇక మేనత్త వాక్యం. అన్న పోయాక, పిల్లలు చిన్నవాళ్లు కాబట్టి ఆమె పుట్టింటికి వచ్చిందని కథలో ఉంది. అక్కడ 'బాధ్యత స్వీకరించింది' అన్నా తప్పు కాదు గాని, అది కార్యాలయపు భాష. నేనైతే 'ఆ ఇంటి బరువు నెత్తికెత్తుకుంది' అని రాస్తాను. నీకు ఇంతకంటే మంచిది తోస్తే అదే ఉంచి, ఆ పేజీ మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు