ల్యాప్‌టాప్ మార్చక్కర్లేదు, ముందు లాగ్ చదవమనండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. కొబ్బరి తోట మీదే బతుకు. మా అబ్బాయి భీమవరంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. ఉద్యోగానికి పనికొస్తుందని లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కోడ్ దించుకున్నాడు. నెల దాటినా దాన్ని నడిచే సాఫ్ట్‌వేర్‌గా కట్టడం, అదే బిల్డ్, అవ్వలేదు. 8 జీబీ ల్యాప్‌టాప్ చాలదు, కొత్తది కొనమంటున్నాడు. కొనమంటారా, లేక ఇది వాడి వల్ల కాని పనా?

జవాబు: కొనకండి, మానిపించనూ వద్దండి. బిల్డ్ దగ్గర నెల రోజులు ఆగిపోవడం తెలివి చాలకపోవడం కాదు. కాలేజీలో రాసే ప్రోగ్రాం ఒకటి రెండు ఫైళ్లు, మీట నొక్కితే నడుస్తుంది. లిబ్రేఆఫీస్‌లో వేల ఫైళ్లు, ఎక్కువ భాగం సీ ప్లస్ ప్లస్. అదే కోడ్ విండోస్, మాక్, లినక్స్ మూడింటి మీదా తయారవ్వాలి. ఒక్కోదానికి కంపైలర్ (కోడ్‌ని యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాం) వేరు, తెర గీసే లైబ్రరీలు వేరు. దీన్ని కూడగట్టడం మామూలుగా సిలబస్‌లో ఉండదు. కానీ కంపెనీల్లో బిల్డ్, రిలీజ్ పనులు చూసేవాళ్లు రోజూ చేసేది సరిగ్గా ఇదే.

ఇక్కడి నుంచి అబ్బాయికి చూపించండి.

బాబూ, ముందు ఒక్క సిస్టమ్ తేల్చుకో. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: సగం మెట్లు విండోస్‌వి, సగం లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటువి కలిపేస్తారు. విండోస్‌లో చెయ్యాలంటే విజువల్ స్టూడియో కావాలి, ఫోల్డర్ పేర్లలో ఖాళీలు ఉండకూడదు, యాంటీవైరస్ ప్రతి ఫైల్నీ తడుముతూ పనిని నత్తనడక చేస్తుంది. మొదటిసారికి ఉబుంటు 24.04 వేసుకో. అందులో వచ్చే జీసీసీ 13 కంపైలర్ సరిపోతుంది. సీనియర్ ఇచ్చిన పాత 20.04 మీద ప్రయత్నిస్తే దానితో వచ్చే జీసీసీ 9 ఇప్పటి కోడ్‌కి చాలదు. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వాడితే రెండు జాగ్రత్తలు. కోడ్‌ని సీ డ్రైవ్‌లో కాకుండా లినక్స్ హోమ్ ఫోల్డర్లో పెట్టు, లేకపోతే విపరీతంగా నెమ్మదిస్తుంది. పైగా డబ్ల్యూఎస్‌ఎల్‌కి మామూలుగా ర్యామ్‌లో సగమే అందుతుంది, అంటే నీకు మిగిలేది 4 జీబీ. అందుకే 8 జీబీ మెషీన్లో విడిగా ఉబుంటు వేసుకోవడమే నా సలహా. డిస్కులో 50 జీబీ ఖాళీ ఉంచుకో.

తర్వాత కోడ్ దించడం. గిట్ క్లోన్ (కోడ్ మొత్తం దించే కమాండ్) మధ్యలో తెగితే మళ్లీ మొదటికే వస్తుంది, ఆగిన చోట నుంచి అందుకోదు. రోజుకి 2 జీబీ ఫోన్ డేటా మీద, కరెంటు పోతే వైఫై కూడా పోయే ఊళ్లో, పూర్తి చరిత్రతో క్లోన్ చెయ్యకు. డెప్త్ 1 అనే ఆప్షన్‌తో తాజా ప్రతి మాత్రమే దించు. కాలేజీ ల్యాబ్‌లో దించి పెన్‌డ్రైవ్ మీద తెచ్చుకుంటే విడి ఫోల్డర్‌గా కాపీ చెయ్యకు, ఎగ్జిక్యూట్ అనుమతులు, లింకులు పోతాయి. టార్ ఫైలుగా కట్టి తీసుకురా. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు, ముందే ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చెయ్యి. ఇంకో సంగతి, మొదటి మేక్ (బిల్డ్ నడిపే కమాండ్) కూడా నెట్ నుంచి బోలెడు బయటి లైబ్రరీలు దించుకుంటుంది. మేక్ ఫెచ్ అని విడిగా నడిపి అది కూడా ల్యాబ్‌లోనే ముగించు.

కావాల్సిన ప్యాకేజీల కోసం ఆప్ట్ బిల్డ్-డెప్ లిబ్రేఆఫీస్ అన్న కమాండ్ ఉంది. అది చాలామందికి పనిచెయ్యదు, కారణం చిన్నది: సోర్స్ ప్యాకేజీల వరుస ఆపేసి ఉంటుంది. 24.04లో ఉబుంటు డాట్ సోర్సెస్ ఫైలు తెరిచి, టైప్స్ అన్న చోట డెబ్ పక్కన డెబ్-ఎస్ఆర్‌సీ చేర్చి అప్‌డేట్ చెయ్యి.

ఇప్పుడు అసలు దెబ్బ తగిలే చోటు. నీ ప్రాసెసర్‌కి 8 థ్రెడ్లు ఉన్నాయనుకుందాం. ఏమీ చెప్పకపోతే బిల్డ్ ఎనిమిది ఫైళ్లని ఒకేసారి కంపైల్ చేస్తుంది. పెద్ద సీ ప్లస్ ప్లస్ ఫైలు ఒక్కటే జీబీకి పైగా తినగలదు. ర్యామ్ నిండగానే కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) కంపైలర్ని చంపేస్తుంది. తెర మీద 'కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్' అని కనిపిస్తే అర్థం ఇదే, కోడ్‌లో తప్పేమీ లేదు. మేక్‌కి ముందు సిస్టమ్‌ని సరిచూసే మెట్టు ఆటోజెన్. దాని కోసం ఆటోజెన్ డాట్ ఇన్‌పుట్ అనే ఫైలు తయారుచేసి, వరుసకి ఒకటి చొప్పున విత్-పారలలిజం=2, వితౌట్-జావా అని ఆప్షన్లు రాయి. ర్యామ్ చాలనప్పుడు డిస్కుని వాడుకునే స్వాప్ ఫైలు 8 జీబీతో పెట్టుకో, బ్రౌజర్ మూసెయ్యి. కంపైల్ చేసినవి దాచిపెట్టే సీక్యాష్ వేసి 20 జీబీ ఇస్తే రెండోసారి బిల్డ్ చాలా తొందరగా అవుతుంది. డీబగ్ ఆప్షన్లు ఇప్పుడే వద్దు, డిస్కు మింగేస్తాయి. మేక్ బదులు మేక్ బిల్డ్-నోచెక్ ఇస్తే పరీక్షలు వదిలేసి సాఫ్ట్‌వేర్ మాత్రం కడుతుంది. రాత్రి మొదలుపెట్టి పడుకో, తెల్లారేదాకా నడవొచ్చు. మధ్యలో ఆగితే మేక్ క్లీన్ కొట్టకు, మళ్లీ అదే కమాండ్ ఇస్తే అయినంతవరకు వదిలి ముందుకి పోతుంది.

ఫెయిలైతే చివరి వరుస చూడకు. అక్కడ 'ఎర్రర్ 1' అని మాత్రమే ఉంటుంది. రెండు పనులు కలిసి నడుస్తుంటే అసలు తప్పు వందల వరుసల పైన ఉండొచ్చు. అవుట్‌పుట్‌ని టీ కమాండ్‌తో లాగ్ ఫైల్లోకి తీసుకుని మొట్టమొదటి ఎర్రర్ వెతుకు. ఆటోజెన్ దశలో ఆగితే కాన్ఫిగ్ డాట్ లాగ్ చదువు. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు సిస్టమ్ వెర్షన్, ఆటోజెన్ ఇన్‌పుట్, మొదటి ఎర్రర్ చుట్టూ ఇరవై వరుసలు పంపు. సెల్‌ఫోన్‌తో తీసిన తెర ఫోటో ఎవరికీ ఉపయోగపడదు.

ఇంకొక అలవాటు వెంటనే మానెయ్యి: బిల్డ్ అవ్వకముందే రోజూ గిట్ పుల్ కొట్టి కొత్త మార్పులు దించడం. ఎక్కువ చోట్ల వాడే ఒక హెడర్ మారినా వేల ఫైళ్లు మళ్లీ కంపైల్ అవ్వాలి. ఒకసారి పూర్తయ్యేదాకా ఒకే కమిట్ (కోడ్ ప్రతి) దగ్గర ఉండు. అయ్యాక రైటర్ (పత్రాలు రాసే భాగం) కోడ్ మార్చితే ఎస్‌డబ్ల్యూ మాడ్యూల్ ఒక్కటే కడితే చాలు, లెక్కల పట్టికల భాగమైన కాల్క్‌కి ఎస్‌సీ. స్టార్‌రైటర్, స్టార్‌కాల్క్ అన్న పాత పేర్ల గుర్తులవి. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయాక కూడా మారలేదు.

తండ్రిగారికి ఒక మాట. ఖర్చు పెట్టాలనుకుంటే, ల్యాప్‌టాప్ వెనక మూత తీయించి ఖాళీ ర్యామ్ స్లాట్ ఉందేమో చూడమనండి. ఉంటే ఇంకో 8 జీబీ వేయించండి. పాత హార్డ్‌డిస్క్ ఉంటే ఎస్‌ఎస్‌డీకి మార్పించండి. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, అప్పుడు ఎస్‌ఎస్‌డీ ఒక్కటే దారి.

అంతకీ కుదరకపోతే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోడ్ తీసుకోమనండి. దాని సొంత బిల్డ్ కమాండ్ మాక్ (mach; యాపిల్ మాక్ కాదు) బూట్‌స్ట్రాప్ నడిపినప్పుడు ఆర్టిఫాక్ట్ మోడ్ ఎంచుకుంటే, బరువైన సీ ప్లస్ ప్లస్, రస్ట్ భాగాలు ముందే కట్టినవి దిగుతాయి. జావాస్క్రిప్ట్, సీఎస్‌ఎస్ భాగాల మీద ఆ 8 జీబీ మెషీన్లోనే పని చెయ్యొచ్చు. లిబ్రేఆఫీస్ బిల్డ్ అయితే మాత్రం తప్పుల జాబితా ఉండే బగ్‌జిల్లాలో 'ఈజీ హ్యాక్' అని గుర్తుపెట్టిన పనుల్లోంచి ఒకటి ఎంచుకుని, మార్పులు పరిశీలించే గెరిట్‌లో ప్యాచ్ (తను చేసిన మార్పు) పెట్టమనండి. అంతకుముందు తన కోడ్‌ని ఎంపీఎల్, ఎల్‌జీపీఎల్ లైసెన్సుల కింద ఇస్తున్నట్టు ఒక ఈమెయిల్ పంపాలి. గెరిట్‌లో ఆమోదం పొందిన ఆ ప్యాచ్ లింకునే రెజ్యూమెలో పెట్టమనండి.