టిమ్మిన్స్ పోతున్న మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కు మామయ్య దీవెనలు.

క్రిస్మస్ సెలవుల్లో దోస్తులతో టొరంటో నుంచి ఉత్తర ఒంటారియోలోని టిమ్మిన్స్‌కు కారులో పోతున్నావట. నిన్ను ఆపమని అక్క ఫోన్ చేసింది. నేను ఆపను. ఆ దారి చూడాల్సిందే. కానీ ఇరవై ఏళ్లుగా ఆ దారిలోని సడ్బరీలో ఉంటున్నవాణ్ణి, చెప్పేది విను.

దగ్గర దగ్గర 700 కిలోమీటర్లు. ఒక్క రోజులో లాగొద్దు. మా ఇంట్లో పడుకొని, తెల్లారి వెలుగు వచ్చాకే 144 హైవే ఎక్కండి. అయిదింటికల్లా చీకటి పడుతుంది. చీకట్లో నాకు భయం మూస్‌తోనే, అంటే ఇక్కడి అడవుల్లో తిరిగే పెద్ద దుప్పి లాంటి జంతువు. గుర్రం కన్నా ఎత్తు, ముదురు రంగు, కళ్లు హెడ్‌లైట్ల వెలుగుకు పైన ఉంటాయి కాబట్టి జింక కళ్లలా మెరవవు. కారు దాని కాళ్లకు తగిలిందంటే ఆ బరువంతా వచ్చి ముందు అద్దం మీద పడుతుంది.

ఒంటారియోలో వింటర్ టైర్లు తప్పనిసరి కాదు. అద్దె కారు తీసుకుంటే అడిగి మరీ వేయించుకో. అద్దాలు కడిగే నీళ్లు మైనస్ 40కి పనికొచ్చేవే పోయించు. సడ్బరీలో ట్యాంకు నిండా నింపు. ఆ తర్వాత బంకులు ఒకటీ అరా, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ఫోన్ లోపలి జేబులో పెట్టుకో, చలికి బ్యాటరీ చటుక్కున పడిపోతుంది.

ఒకసారి ఆ హైవే మీది గోగామా అనే చిన్న ఊరు దాటాక గాలిమంచు కమ్మి ముందున్న రోడ్డే కనిపించలేదు. పక్కకు తీసి ఆపాను. రెండు గంటలు అక్కడే. అరగంటకోసారి దిగి, సైలెన్సర్ గొట్టం చుట్టూ పేరుకున్న మంచును పారతో తీసి, అప్పుడు పది నిమిషాలు ఇంజన్ నడిపేవాణ్ణి. ఆ గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. కిటికీ ఒక అంగుళం దించి ఉంచు. ఏం జరిగినా కారు వదిలి నడవొద్దు బిడ్డా. పార, దుప్పట్లు, టార్చి, ఫ్లాస్కులో చాయ్ ఉండాలి. అత్తయ్య పులిహోర కట్టిస్తుంది. డిక్కీలో పెట్టకండి, రాయిలా గడ్డకడుతుంది.

టిమ్మిన్స్‌లో బ్లాక్ హీటర్ (ఇంజన్‌ను కరెంటుతో వెచ్చగా ఉంచేది) ప్లగ్గు ఉన్న మోటెల్ చూసుకో. రాత్రంతా పెట్టకపోతే పొద్దున ఇంజన్ లేవదు.

మరునాడు టిమ్మిన్స్‌లోనే ఉన్న షూమాకర్‌లో పాత మెకింటైర్ బంగారు గని దగ్గర ఆగు. గని కార్మికుల స్మారకం ఉంది. 1928 ఫిబ్రవరి 10న టిమ్మిన్స్‌లోని హాలింజర్ అనే మరో బంగారు గనిలో నిప్పంటుకుంది. లోపల పారేసిన చెత్త తగలబడి, ఆ పొగకు 39 మంది చనిపోయారు. ఊళ్లో రక్షణ సామాను లేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నుంచి రైల్లో రావాల్సి వచ్చింది. సాయం అంత దూరాన ఉండే నేల అది. అందుకే ఇన్నిసార్లు చెప్తున్నాను, కావలసిందంతా మీ కారులోనే ఉండాలి.

మీ తాతయ్య సింగరేణిలో బాయి దిగిన మనిషి. రాత్రి షిఫ్టు ఆలస్యమైతే అమ్మ వాకిట్లోనే నిలబడేది. మొదటిసారి ఆ స్మారకం ముందు నిలబడ్డప్పుడు నాకు ఆ వాకిలే కళ్లముందుకొచ్చింది. నువ్వూ ఆ పేర్లు నెమ్మదిగా చదువు.

టిమ్మిన్స్ చేరగానే ఫోన్ చెయ్. ముందు అక్కకు, తర్వాత నాకు.

మామయ్య