ఇంగ్లండ్ పెళ్లి విందులో బెస్ట్ మ్యాన్ ప్రసంగాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి?

ఇంగ్లండ్ ఆనవాయితీ ప్రకారం వధువు తండ్రి, ఆపై వరుడు మాట్లాడిన తరువాత చివరగా బెస్ట్ మ్యాన్, అంటే వరుడి వెంట నిలిచే ఆప్తమిత్రుడు, లేచి తోడిపెళ్లికూతుళ్ల తరఫున కృతజ్ఞతలు తెలిపి, రాలేకపోయినవారి సందేశాలు చదివి, వరుడి గురించి చెబుతాడు. 5 నుంచి 7 నిమిషాలు చాలు. వరుడిని ఆటపట్టించడం అక్కడ మామూలే అయినా పాత ప్రేమల ఊసు వద్దు. వధువు అమ్మమ్మ ఎదుట అనలేని మాట మైకులోనూ అనకూడదన్నది నా కొలమానం. నాలుగు కథలు కుక్కడం కంటే, అతని స్వభావం తెలిసే ఒకే సంఘటనను ఎంచుకుని, వధువు రాకతో అతనిలో వచ్చిన మార్పుకు దాన్ని ముడిపెడితే ప్రసంగం దానంతటదే శుభాకాంక్షల వైపు మళ్లుతుంది. ముఖ్యాంశాలను చిన్న చీటీలపై రాసుకుని, గడియారం ముందుంచుకుని పైకి చెబుతూ సాధన చేయండి. మద్యం మాత్రం ప్రసంగం ముగిశాకే. చివరి వాక్యం కంఠస్థం కావాలి, ఎందుకంటే అతిథులందరినీ లేచి దంపతుల పేరున గ్లాసులెత్తమని కోరేది అదే.